మియాటా మైలేజీ ఎంత అని అడిగావు కదా తమ్ముడూ, ఇదిగో నా ఐదేళ్ల లెక్క

నువ్వు "అన్నా" అని అడిగావు కాబట్టి నేనూ తమ్ముడూ అనే రాస్తున్నాను. తర్వాత చదివేవాళ్ళ కోసం నీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటావు. వారానికి మూడు రోజులు పాతిక మైళ్ళ దూరంలో లాస్ కొలీనాస్‌లో ఆఫీసు. పెళ్ళయి ఏడాది, ఇంట్లో ఒక కరోలా ఉంది. 2019 మాజ్డా ఎంఎక్స్-5 మియాటా ఒకటి చూశావు, పైకప్పు మడిచేసుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, గుడ్డ టాపు, మాన్యువల్ గేర్లు, 41 వేల మైళ్ళు తిరిగింది, 21,500 డాలర్లు చెబుతున్నారు. మైలేజీ ఎంత ఇస్తుంది, ప్రీమియం పెట్రోలే పోయాలా, మొత్తం మీద నెలకి ఎంత పడుతుంది అన్నది నీ ప్రశ్న. గుంటూరులో నాన్నగారేమో "స్పోర్ట్స్ కారంటే ఏనుగుని మేపినట్టే" అంటున్నారు.

నా దగ్గర ఉన్నది అదే సంవత్సరం బండి. 2020 అక్టోబరులో 14 వేల మైళ్ళ మీద 24,500కి కొన్నాను. ఐదేళ్లలో 38 వేల మైళ్ళు నడిపాను, పోసిన ప్రతి గ్యాలన్ రాసి పెట్టాను. కాబట్టి ఊహించి చెప్పడం లేదు.

ముందు మైలేజీ. ఆ సంవత్సరం మాన్యువల్ బండికి ప్రభుత్వం ఇచ్చిన అంకెలు గ్యాలన్‌కి సిటీలో 26 మైళ్ళు, హైవే మీద 34, రెండూ కలిపి 29. మన లెక్కలో లీటరుకి 11, పద్నాలుగున్నర, 12.3 కిలోమీటర్లు. నాకు ఐదేళ్ల సగటు 31.5 వచ్చింది, అంటే లీటరుకి 13.4. మొత్తం 1,206 గ్యాలన్లు పోశాను. రెండు లీటర్ల ఇంజిన్, 181 గుర్రాల శక్తి, 7,500 ఆర్‌పీఎం దాకా పరిగెత్తే బండికి ఇది చాలా మంచి మైలేజీ. ఇండియాలో ఉన్న మా బావగారి పెట్రోలు ఎస్‌యూవీ కూడా సిటీలో అంత ఇవ్వదు.

ఈ లెక్క ఎలా వేశానో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది డాష్ మీద కనపడే అంకె చూసి చెప్పేస్తారు. మా నాన్న బజాజ్ చేతక్‌కి పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ క్యాలెండర్ వెనక తేదీ, లీటర్లు, మీటరు రీడింగ్ రాసేవారు. నేనూ అదే పద్ధతి. పంపు దానంతట అది ఆగే వరకు ట్యాంకు నింపి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్ళీ అలాగే నింపినప్పుడు మైళ్ళని గ్యాలన్లతో భాగిస్తే అసలు అంకె వస్తుంది. ఒక్క ట్యాంకు చూసి నమ్మకూడదు, కనీసం ఐదారు ట్యాంకుల సగటు తీయాలి. నా బండి డాష్ అంకె ఎప్పుడూ ఒక మైలు, ఒక్కోసారి ఒకటిన్నర మైళ్ళు ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు 11.9 గ్యాలన్లది, నేను మామూలుగా తొమ్మిదిన్నర, పది గ్యాలన్ల దగ్గర పోయిస్తాను. అంటే ఒకసారి నింపితే 300 మైళ్ళు ధైర్యంగా వెళ్ళొచ్చు.

స్పోర్ట్స్ కారు ఇంత తక్కువ ఎలా తాగుతుంది అని నీకు అనుమానం రావచ్చు. దీనికి ప్రధాన కారణం బరువు. మాన్యువల్ మియాటా 2,340 పౌన్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే దాదాపు 1,060 కిలోలు. అదే మస్టాంగ్ కన్వర్టిబుల్ అయితే 3,600 పౌన్లకి పైనే. సిటీలో పెట్రోలు ఎక్కడ పోతుందంటే, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ అంత బరువునీ మళ్ళీ కదిలించి వేగానికి తేవాలి, ఆ శక్తంతా తర్వాతి సిగ్నల్ దగ్గర బ్రేకుల్లో వేడిగా పోతుంది. బరువు తక్కువైతే ఆ నష్టమూ తక్కువ. దానికి తోడు ఈ ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోలు మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 13కి 1. మామూలు పెట్రోలు ఇంజిన్లకి ఇది బాగా ఎక్కువే, అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని రాబడుతుంది.

హైవే మీద మాత్రం ఈ లాభం అంత కనపడదు. అక్కడ బరువు కన్నా గాలిదే పెత్తనం. పైగా ఈ మాన్యువల్ గేర్‌బాక్సులో ఆరో గేరు డైరెక్ట్, అంటే మిగతా కార్లలో ఉన్నట్టు ఇంజిన్‌కి విశ్రాంతినిచ్చే ఓవర్‌డ్రైవ్ కాదు. 75 మైళ్ళ వేగంలో ఇంజిన్ దాదాపు 3,000 ఆర్‌పీఎం మీద తిరుగుతూ ఉంటుంది. అందుకే నువ్వు ఎంత వేగంతో వెళ్తావన్నదే మైలేజీని తేలుస్తుంది. ఐ-45 మీద హ్యూస్టన్ వెళ్ళినప్పుడు అందరితో పాటు 78 మీద పోతే నాకు 32 వచ్చింది. లేకీ ఊరి దగ్గర కొండల్లో 335, 336, 337 నంబర్ల రాంచ్ రోడ్లు ఉన్నాయి, ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారు, టెక్సాస్‌లో వంపుల రోడ్డు కావాలంటే అక్కడికే పోవాలి. ఆ ప్రయాణంలో చిన్న స్టేట్ హైవేల మీద 60, 65 దాటకుండా వెళ్తే 38 వచ్చింది. అదే బండి, అదే డ్రైవరు, మారింది వేగం ఒక్కటే. ఆటోమేటిక్ గేర్లది తీసుకుంటే హైవే అంకె 35, ఒక మైలు ఎక్కువ, పై గేరు పొడుగ్గా ఉంటుంది కాబట్టి. కానీ ఆ ఒక్క మైలు కోసం ఆటోమేటిక్ తీసుకోవద్దు, మోకాలికి నొప్పి ఉంటే తీసుకో.

టాపు తీస్తే మైలేజీ ఎంత పడిపోతుంది అని కూడా అడిగావు. సిటీలో తేడా ఏమీ తెలియదు. హైవే మీద తెలుస్తుంది. దీని కోసం ప్లేనో నుంచి షెర్మన్ దాకా 75 హైవే మీద టాపు వేసి నాలుగుసార్లు, తీసి నాలుగుసార్లు, ఒకే వేగంలో వెళ్ళొచ్చాను. వేసినప్పుడు 35, తీసినప్పుడు ముప్పై రెండున్నర దాకా వచ్చింది. అంటే వంద మైళ్ళకి పావు గ్యాలన్ కూడా ఎక్కువ కాలేదు. టాపు తీయడానికి కొనుక్కున్న బండిలో ఆ పావు గ్యాలన్‌కి భయపడి టాపు వేసుకుని కూర్చుంటే ఇంకెందుకు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం తెల్లారకుండా బయల్దేరి ఎన్నిస్ వెళ్ళు. బ్లూబోనెట్ పూలు రోడ్డుకి రెండు వైపులా నీలంగా పరుచుకుని ఉంటాయి. ఒక మలుపు దగ్గర చల్లగాలి, తర్వాతి పల్లం దగ్గర తడి గడ్డి వాసన, ఇంకాస్త ముందుకెళ్తే పశువుల కొట్టం వాసన, అన్నీ సూటిగా మొహానికి తగులుతాయి. ఈ ఐదేళ్లలో నేను ఈ బండి మీద పెట్టిన ప్రతి డాలరూ అలాంటి పొద్దుల కోసమే పెట్టాను.

డాలస్ ఎండ గురించి మాత్రం ముందే తెలుసుకో. కన్వర్టిబుల్‌కి ఇక్కడ అసలు సీజన్ అక్టోబరు నుంచి మే మొదటి వారం దాకా. జూలై, ఆగస్టుల్లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన మధ్యాహ్నం టాపు తీయలేవు. నల్ల గుడ్డ టాపు కింద ఏసీ పూర్తిగా పెట్టుకుని వెళ్ళాలి, అప్పుడు సిటీ మైలేజీ నాకు 27కి పడిపోతుంది. నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఇండియన్ స్టోర్‌కి కరివేపాకు కోసం వెళ్ళొస్తే ఇంకా తక్కువ, 22, 23. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తాం కదా, అది ఏ బండికైనా అంతే. ఆ పనులకి కరోలా తియ్యి.

ప్రీమియం సంగతి. బండితో వచ్చే ఓనర్స్ మాన్యువల్ సిఫారసు చేసేది ప్రీమియమే, అంటే ఆక్టేన్ (ఇంజిన్‌లో వేళకి ముందే మండకుండా తట్టుకునే గుణం) ఎక్కువున్న పెట్రోలు. 87 ఆక్టేన్ మామూలు పెట్రోలు పోస్తే ఇంజిన్ పాడైపోదు, వేళకి ముందే మండడాన్ని కనిపెట్టే నాక్ సెన్సర్ చూసుకుని స్పార్క్ సమయం వెనక్కి జరుపుతుంది, దానివల్ల చురుకు కొంచెం తగ్గుతుంది. పశ్చిమ టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్ళో వేరే దారి లేక ఒక ట్యాంకు 87 పోశాను, ఇంటికి బాగానే వచ్చాను, కానీ ఎత్తు ఎక్కేటప్పుడు తేడా కాలికి తెలిసింది. ఇక్కడ ఒక గందరగోళం ఉంది. ఇండియాలో మామూలు పెట్రోలుకి ఏళ్ళ తరబడి చెప్పుకుంటూ వచ్చిన 91కీ ఇక్కడి 91కీ కొలత వేరు. అమెరికాలో రెండు పద్ధతుల ఆక్టేన్ సగటు రాస్తారు, అందుకే ఇండియా 91 అంటే ఇక్కడి 87కి దగ్గర. "మా ఊళ్ళో 91 మామూలు పెట్రోలే కదా, దానికి ఇంత డబ్బా" అని తగాదా పడకు. టెక్సాస్ పంపుల్లో ఎక్కువగా 87, 89, 93 దొరుకుతాయి, 93 కొట్టించు. నాకు ఐదేళ్ల సగటున ప్రీమియం గ్యాలన్ 3.70 పడింది, మామూలు దానికన్నా ముప్పావు డాలరు ఎక్కువ. నా వాడకానికి సంవత్సరానికి 241 గ్యాలన్లు, అంటే ప్రీమియం వల్ల అదనంగా పడింది 181 డాలర్లు. నెలకి 15. దీనికి ఇంజిన్‌ని ఇబ్బంది పెట్టక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ ప్రశ్నలో ముప్పావు వంతు పెట్రోలు గురించే ఉంది. మనవాళ్ళందరికీ ఉన్న అలవాటే ఇది, బండి అనగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట "మైలేజీ ఎంత ఇస్తుంది". కానీ ఈ బండి ఖర్చులో పెట్రోలు ఐదో వంతు మాత్రమే. నాకు సంవత్సరానికి సగటున 7,600 మైళ్ళకి పెట్రోలు 892 డాలర్లు. ఇన్సూరెన్స్ 1,380. ఐదేళ్లలో టైర్లు రెండు సెట్లు, సెట్టు 720 చొప్పున, సంవత్సరానికి 288. ఆయిలు, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు, గేర్ ఆయిలు, బ్రేకు ఆయిలు, టాపుకి పూసే మందులు, ఇవన్నీ కలిపి 350 దాకా. రిజిస్ట్రేషన్, పొగ పరీక్ష కలిపి 90. కొన్నప్పుడు కట్టిన 6.25 శాతం పన్ను 1,531, దాన్ని ఐదేళ్లకి పంచితే 306. ఇవాళ అమ్మితే 19,000 ఇస్తామంటున్నారు, అంటే విలువలో పోయింది 5,500, సంవత్సరానికి 1,100. మొత్తం 4,406 డాలర్లు, నెలకి 367, మైలుకి 58 సెంట్లు. ఆ 58లో పెట్రోలు వాటా 12 సెంట్ల లోపే. 2025కి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్, ఆఫీసు పని మీద సొంత కారు వాడినవాళ్ళకి లెక్కకట్టే రేటు మైలుకి 70 సెంట్లు, అందులో కూడా పెట్రోలు, ఇన్సూరెన్స్, తరుగు అన్నీ కలిసే ఉంటాయి. నా మియాటా దానికి 12 సెంట్లు తక్కువలో నడుస్తోంది. నాన్నగారికి ఈ ఒక్క అంకె చెప్పు.

గ్యాలన్‌కి 51 ఇచ్చే హైబ్రిడ్ క్యామ్రీతో పోల్చి చూద్దాం. అదే 7,600 మైళ్ళకి దానికి 149 గ్యాలన్లు, మామూలు పెట్రోలు, 440 డాలర్లు. నాకన్నా సంవత్సరానికి 452 తక్కువ, నెలకి 38. ఇది నిజమైన డబ్బే, కాదనను. కానీ నీ దారి చూడు. ఫ్రిస్కో నుంచి లాస్ కొలీనాస్‌కి టోల్ రోడ్డు మీద పోతే కనీసం 20 మైళ్ళు టోల్ పడుతుంది, మైలుకి 20 సెంట్లకి పైనే. రానూ పోనూ ఎనిమిది డాలర్లు టోల్‌కే. అదే రోజు 50 మైళ్ళకి ప్రీమియం పెట్రోలు నా సగటు లెక్కన 5.87. బండి తాగేదానికన్నా రోడ్డు తాగేదే ఎక్కువ, ఆ రోడ్డుకి నువ్వు కరోలాలో వెళ్ళినా అంతే కడతావు.

అప్పు చేసి కొంటే ఇంకో సంగతి ఉంది, ఇది చాలామంది చూసుకోరు. నేను డబ్బు కట్టి కొన్నాను. నువ్వు 21,500 మొత్తం 8 శాతానికి ఐదేళ్ల లోను తీసుకుంటే నెలకి 436 డాలర్లు, ఐదేళ్లలో వడ్డీయే 4,650 దాకా అవుతుంది. నేను ఐదేళ్లలో పోసిన మొత్తం పెట్రోలు 4,460. అర్థమైందా? వడ్డీ రేటు రెండు శాతం తగ్గించుకుంటే వచ్చే లాభం, నువ్వు ఆ ఐదేళ్ళూ గేర్లు ఎంత జాగ్రత్తగా వేసినా రాదు. డీలరు చెప్పిన రేటుకి సంతకం పెట్టకుండా ముందు నీ క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) అడుగు.

ఇన్సూరెన్స్ విషయంలో నా అంకె పట్టుకుని నీ లెక్క వెయ్యొద్దు. నాకు 43 ఏళ్ళు, ఇక్కడ పదహారేళ్ళ డ్రైవింగ్ చరిత్ర, ఇంట్లో రెండు కార్లు ఒకే పాలసీలో, బండి రాత్రిపూట గరాజులో ఉంటుంది. నువ్వు వచ్చి రెండేళ్లే కాబట్టి హైదరాబాదులో పదేళ్ళు యాక్సిడెంట్ లేకుండా నడిపిన అనుభవం ఇక్కడి కంపెనీల కంటికి చాలాసార్లు కనపడదు. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ బండి విన్ నంబరు (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) పట్టుకుని కనీసం మూడు చోట్ల కొటేషన్ తెచ్చుకో, రెండు కార్లూ కలిపి అడుగు. టెక్సాస్ చట్టం అడిగే కనీస లయబిలిటీ (ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కవరు) 30/60/25, అంటే గాయపడిన ఒక్కొక్కరికి 30 వేలు, ఒక యాక్సిడెంట్‌లో గాయాలన్నిటికీ 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు, దానితో సరిపెట్టుకోవద్దు, 25 వేల డాలర్ల ఆస్తి నష్టం అంటే ఇవాళ ఎదుటివాడి కొత్త ట్రక్కు బంపరు, లైట్లు, హుడ్డుకే (బానెట్) చాలావరకు అయిపోవచ్చు.

కాంప్రహెన్సివ్ (వడగళ్ళు, దొంగతనం లాంటి వాటికి కవరు) మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకు, ఎందుకంటే ఇక్కడ వడగళ్ళు. మార్చి నుంచి జూన్ దాకా డాలస్ చుట్టుపక్కల ఏ రాత్రి ఏ పరిమాణంలో పడతాయో తెలియదు. గుడ్డ టాపుకి పెద్ద వడగళ్ళు తగిలితే చిరిగే ప్రమాదం ఉంది, హుడ్డు అల్యూమినియం, తేలిగ్గా సొట్టలు పడుతుంది. కొన్న మొదటి ఏడాది మేము అపార్ట్‌మెంట్‌లోనే ఉండేవాళ్ళం. ఏప్రిల్‌లో ఒక రాత్రి ఫోన్‌లో హెచ్చరిక మోగింది, ఆకాశం ఆకుపచ్చగా అయిపోయింది. నేనూ మా ఆవిడా మా అమ్మ తెనాలి నుంచి మోసుకొచ్చిన రెండు పాత చీరల బొంతలు తీసుకెళ్ళి బండి మీద పరిచి, తాళ్ళతో చక్రాలకి కట్టేసి లోపలికి పరిగెత్తాం. పది నిమిషాలు పడ్డాయి, నిమ్మకాయంతవి. పక్కన ఉన్న సెడాన్ల మీద గుంటలే గుంటలు, మా బండికి వెనక రెక్క మీద ఒకే ఒక్క సొట్ట. ఆ బొంతలు ఇప్పటికీ గరాజులో మడతపెట్టి ఉన్నాయి. నీకు గరాజు ఉందా లేదా రాయలేదు. లేకపోతే కనీసం కప్పు ఉన్న పార్కింగ్ అద్దెకి తీసుకో, ఆ అద్దె కూడా బండి ఖర్చులోనే వెయ్యి.

టాపు గురించి అందరూ భయపడేది చిరుగుతుందని. నిజానికి గుడ్డని సరిగ్గా చూసుకుంటే చాలా ఏళ్ళు ఉంటుంది: బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్‌లోకి తీసుకెళ్ళకపోవడం, మెత్తని బ్రష్‌తో చేత్తో కడగడం, ఏడాదికి రెండుసార్లు నీళ్ళు అంటకుండా చేసే మందు కొట్టడం, తడి ఆరకుండా మడవకపోవడం, అంతే. అసలు ప్రమాదం టాపు మీద పడిన నీళ్ళు కిందికి పోయే గొట్టాలతో. సీట్ల వెనక కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి ఉంటాయి. చెట్టు కింద ఆపితే ఆకుల పొడి, పుప్పొడి, మట్టి చేరి అవి మూసుకుపోతాయి. అప్పుడు నీళ్ళు కిందికి పోలేక కారు లోపలికి వస్తాయి.

నాకు ఇది కొన్న రెండో శీతాకాలంలో జరిగింది. ఒక సోమవారం డోరు తీస్తే పాత గోనెసంచి వాసన. సీటు వెనక కార్పెట్ నొక్కితే వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు పైకొచ్చాయి. ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్తే టాపు చుట్టూ రబ్బరు సీళ్ళన్నీ మార్చాలి, 640 డాలర్లు అన్నారు. మనసొప్పక ఇంటికి తెచ్చుకుని, టాపు సగం ఎత్తి, టార్చిలైటు వేసి చూస్తే కుడిపక్క రంధ్రం కనపడనే లేదు. నల్లని బురద, అందులో ఓక్ ఆకు ముక్కలు. గడ్డి కోసే మిషన్‌లో వాడే ప్లాస్టిక్ దారం ముక్క ఒకటి మెల్లగా దింపుతూ, తిప్పుతూ, మధ్యమధ్య చెంచాతో నీళ్ళు పోస్తూ ఇరవై నిమిషాలు కూర్చున్నాను. చివరికి గుటుక్కుమని శబ్దం వచ్చి నీళ్ళు బండి కింద సిమెంటు మీద పడ్డాయి. ఖర్చు సున్నా. కార్పెట్ ఆరడానికి మాత్రం ఫ్యాన్ పెట్టి నాలుగు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఆకులు రాలే కాలం అయిపోగానే ఒకసారి, వసంతంలో పుప్పొడి తగ్గాక ఒకసారి శుభ్రం చేస్తాను. ఈ ఒక్క పని చెయ్యని బండి లోపల తుప్పు పట్టి ఉంటుంది, పైకి ఎంత మెరిసినా సరే.

టైర్లు 205/45 సైజు, 17 అంగుళాలవి అయితే నాకు ఒక సెట్టు 22, 23 వేల మైళ్ళు వచ్చింది. బండి తేలిక కాబట్టి బ్రేకులు అరగవు, ముందు ప్యాడ్లు ఒక్కసారే మార్చాను. గాలి మాత్రం నెలకొకసారి చూడు, డోరు దగ్గర స్టిక్కర్ మీద 29 పీఎస్‌ఐ అని ఉంటుంది. ఉష్ణోగ్రత పది ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే దాదాపు ఒక పీఎస్‌ఐ దిగిపోతుంది, డిసెంబరులో మైలేజీ తగ్గిందని ఇంజిన్‌ని అనుమానించేవాళ్ళు ముందు గాలి చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట, ఈ బండికి స్టెప్నీ లేదు. చిన్న మేకు అయితే డిక్కీలో ఉన్న రిపేరు కిట్‌తో నెట్టుకురావచ్చు, పక్కగోడ చిరిగితే టో బండి పిలవాల్సిందే. నాకొకసారి రాత్రి పదిన్నరకి మెకిన్నీ దాటాక అలా అయింది, టో చేసినవాళ్ళకి 165 ఇచ్చాను. మర్నాడే ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ సహాయం కలుపుకున్నాను, అది నెలకి రెండు, మూడు డాలర్ల పని.

ఆయిలు 0డబ్ల్యూ-20, నేను 5,000 మైళ్ళకి మారుస్తాను, ఇంట్లో చేసుకుంటే ఫిల్టరుతో కలిపి 45 డాలర్లు. ఇందులో ఎక్కువ చెప్పడానికేం లేదు. క్లచ్ గురించి ఒక మాట. మనం హైదరాబాదు, విజయవాడ ట్రాఫిక్‌లో నేర్చుకున్నవాళ్ళం, హాఫ్ క్లచ్ మీద బండిని ఇంచు ఇంచు జరపడం కాలికి అలవాటైపోయింది. సాయంత్రం ఐదున్నరకి డాలస్ నార్త్ టోల్‌వే మీద అదే చేస్తే క్లచ్ ప్లేటు తొందరగా పోతుంది, మార్చడానికి పన్నెండు వందల డాలర్లకి తక్కువ అడగరు. ముందు బండికి ఖాళీ ఇచ్చి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి మెల్లగా పోవడం నేర్చుకో. నాకు 52 వేల మైళ్ళకి కూడా మొదటి క్లచ్చే ఉంది.

ఇక నా అభిప్రాయం అడిగావు కాబట్టి సూటిగా చెబుతాను. ఇంట్లో కరోలా ఉంది, అది అలాగే ఉంటుంది అంటే, ఈ ధరకి ఈ బండి కొను. కరోలా అమ్మేసి ఇదొక్కటే పెట్టుకుంటాను అంటే వద్దు. దీనికి వెనక సీటు లేదు. రేపు పాప పుడితే వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటు పెట్టడానికి చోటుండదు, ముందు ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న సీటులో దాన్ని పెట్టడం బిడ్డ ప్రాణానికే ప్రమాదం. అత్తమామలు వచ్చినా, అమ్మానాన్నలు వచ్చినా డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుకి వెళ్ళాల్సింది కరోలాలోనే, డిక్కీలో రెండు క్యాబిన్ సూట్‌కేసులు పట్టడమే గగనం. ఆ పరిస్థితుల్లో ఏడాది తిరక్కుండా ఇది అమ్మేసి వేరేది కొంటారు, ఆ కొనడం అమ్మడంలో పన్నులు, డీలరు మార్జిన్ కలిపి మూడు, నాలుగు వేలు పోతాయి. నేను చూసిన మియాటాల్లో యజమానికి ఎక్కువ ఖర్చు తెచ్చినవి ఇలా తొందరగా అమ్ముకున్నవే. నా లెక్కలో తరుగు సంవత్సరానికి 1,100కి ఆగిందంటే ఐదేళ్ళు ఉంచుకున్నాను కాబట్టే.

కాబట్టి ముందు మీ ఆవిడతో కూర్చుని మాట్లాడు. నెలకి 367 నా అంకె, దాని మీద నీ లోను వడ్డీ, నీ ఇన్సూరెన్స్ తేడా, గరాజు లేకపోతే పార్కింగ్ వేసుకుంటే నీకు 500 దాటొచ్చు. ఆ డబ్బు ఇంట్లో టెన్షన్ లేకుండా పక్కన పెట్టగలరా అన్నది మీ ఇద్దరూ తేల్చుకోవాలి, నేను కాదు.

శనివారం బండి చూడ్డానికి వెళ్తానన్నావు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళు, మేము వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే ఫోన్ చేసి చెప్పు, చల్లగా ఉన్నప్పుడే రెండో గేరు, మూడో గేరు ఎలా పడుతున్నాయో తెలుస్తుంది. నచ్చితే 200 దాకా పెట్టి బయటి మెకానిక్‌తో చూపించు. ఒక సీసా నీళ్ళు, పాత తెల్ల టవల్ తీసుకెళ్ళు. అమ్మేవాళ్ళని అడిగి టాపు సగం ఎత్తి, రెండు పక్కలా ఆ రంధ్రాల్లో అరగ్లాసు నీళ్ళు పోసి బండి కిందకి వంగి చూడు, వెంటనే ధారగా పడాలి. తర్వాత సీట్లు ముందుకి జరిపి వెనక కార్పెట్ మీద టవల్ పెట్టి గట్టిగా నొక్కు. టవల్ పొడిగా వస్తే ధర మాట్లాడు, 20,500కి దిగే అవకాశం ఉంది. తడిగానో గోధుమరంగుగానో వస్తే వాళ్ళు ఎంత తగ్గించినా తీసుకోకు, 2019 మియాటాలు డాలస్‌లో ఇంకా చాలా ఉన్నాయి.